కుండీల్లో పామ్ మొక్కలు: నల్గొండ, పాలమూరు ఇళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఇంటి ముందో మేడ మీదో పామ్ కుండీ లేని వీధి ఇప్పుడు తక్కువ. నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇంటికొచ్చిన ఏడాదికే కొసలు మాడి, మట్టలు వాలి ఎందుకు నీరసపడుతుందన్నదే ఎక్కువమంది అడిగే మాట. నీళ్లు చాలలేదేమో అని అందరికీ మొదట అనిపిస్తుంది. మన వైపు నేను చూసిన కుండీల్లో చాలావాటిని దెబ్బతీసింది పోసిన నీళ్లలోని ఉప్పు, ఎండకు ఉడికిపోయిన వేళ్లు. అందుకే కింది జవాబుల్లో ఆకుల కంటే నీళ్ల గురించి, వేళ్ల గురించి ఎక్కువగా రాశాను.

కొత్తగా మొదలుపెడుతున్నాం. ఏ పామ్ తెచ్చుకుంటే మంచిది?

కుండీ ఎక్కడ పెడతారో ముందు తేల్చుకోండి. పొద్దుటి ఎండ పడి, మధ్యాహ్నానికి నీడ వచ్చే వరండా అయితే అరెకా పామ్ సరిపోతుంది. పిలకలు వేసి గుబురుగా పెరుగుతుంది, ధరా తక్కువే, అందుకే ఏ నర్సరీకి వెళ్లినా ముందు దీన్నే చూపిస్తారు. దీని పుట్టిల్లు మడగాస్కర్. తేమ గాలికి అలవాటుపడిన మొక్క కాబట్టి మన పొడిగాలినీ ఉప్పునీళ్లనూ అంత తేలిగ్గా ఓర్చుకోదు.

ఇంటి లోపల, కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టాలనుకుంటే నేను మొదట చెప్పేది రాపిస్ పామ్. ఆకులు విసనకర్రల్లా విచ్చుకుంటాయి, ఎదుగుదల నెమ్మది, తక్కువ వెలుతురులోనూ నిలబడుతుంది. ధర ఎక్కువే. అయినా ఏళ్ల తరబడి కుండీలోనే అందంగా ఉండే మొక్క కాబట్టి ఆ డబ్బు వృథా పోదు.

మేడ మీద నేరుగా ఎండ పడే చోటుకు ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్, చిన్న ఖర్జూర జాతి అయిన ఫీనిక్స్ రోబెలిని చూడవచ్చు. ఫాక్స్‌టెయిల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెట్టు. కుండీలో కొన్నేళ్లే బాగుంటుంది, ఆ తర్వాత నేల కోరుకుంటుంది. రాయల్ పామ్‌ను మాత్రం కుండీ కోసం కొనవద్దు, అది రోడ్డు పక్కన యాభై అడుగులు పెరిగే చెట్టు.

బోరు నీళ్లు తప్ప వేరే దారి లేని ఇంటికి ఖర్జూరం, ఈత జాతులే దిక్కు. ఉప్పును తట్టుకోవడంలో ఖర్జూరం పామ్‌లన్నింటిలో ముందు వరుసలో ఉంటుంది. మట్ట మొదట్లో ముళ్లు గట్టిగా, సూదిగా ఉంటాయి. పిల్లలు ఆడుకునే చోట పెట్టకండి.

చేపతోక ఆకులతో అమ్మే ఫిష్‌టెయిల్ పామ్ మన జీలుగ జాతిదే. నీడలో చక్కగా పెరుగుతుంది. కాయ పట్టిన చెట్టు అయితే ఆ కాయలను ఉత్త చేతులతో ముట్టుకోకండి, వాటి రసం తగిలితే భరించలేనంత దురద పుడుతుంది.

ఆకు కొసలు గోధుమరంగుకు మారి ఎండిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఏమిటి కారణం?

కొస మాడిన మట్టను ఒకదాన్ని వెలుతురులోకి తెచ్చి దగ్గరగా చూడండి. ఆకు చివర అంగుళమో అంగుళంన్నరో గోధుమరంగు. దానికీ పచ్చదనానికీ మధ్య సన్నని పసుపు గీత. అడుగున ఉన్న ముదురు మట్టల్లో ఎక్కువ, పైన లేత మట్టల్లో తక్కువ. ఇలా ఉంటే అది ఉప్పు దెబ్బ. ఆ తర్వాత కుండీ అంచును చూడండి. మట్టి తగిలే చోట తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటుంది. గోటితో గీకితే పొడిగా రాలుతుంది. అది మీరు పోసిన నీళ్లలోంచి వచ్చిందే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు కుండీలో మిగిలిపోతుంది.

నల్గొండ బోర్లలో దీనికి ఫ్లోరైడ్ కూడా తోడవుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని భారత ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకలు వంచిన నీళ్లు ఇవి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే పెట్టారు. మొక్క విషయానికొస్తే, ఫ్లోరైడ్ వేరు నుంచి నీటితోపాటు ఆకు కొస దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. నీరు ఆవిరయ్యే కొద్దీ అది పోగుపడి కొసను చంపేస్తుంది. అరెకాకూ, చిన్న పార్లర్ పామ్‌కూ ఇది బాగా పడదు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ కుండీల్లో దాన్ని వేయకండి.

చేయవలసింది ఇది. వాన నీళ్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లో తీసుకుని, కుండీ పట్టేంత పరిమాణానికి రెండింతలు, కాసేపు ఆగుతూ నెమ్మదిగా పోయండి. పన్నెండు అంగుళాల కుండీకి పెద్ద బకెట్లు రెండు కావాలి. అడుగు రంధ్రం నుంచి నీళ్లు ధారగా పోవాలి. పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయండి, లేకపోతే కడిగిన ఉప్పునే వేళ్లు మళ్లీ పీల్చుకుంటాయి. ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి ఇలా కడిగితే చాలు. మాడిన కొస మళ్లీ పచ్చబడదు. కొత్తగా వచ్చే మట్టలు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూడండి. కొసలు చూడలేకపోతే కత్తెరతో ఎండిన భాగాన్ని మాత్రమే, పచ్చదనాన్ని తాకకుండా కత్తిరించుకోవచ్చు.

ఆకు మీద మధ్యలో తెల్లగా, కాలినట్టు మచ్చలుంటే అది వేరే సంగతి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలోకి తెచ్చినప్పుడు అలా అవుతుంది.

వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు పామ్‌కు పోయవచ్చా?

వద్దు. ఆర్‌ఓ యంత్రం మంచినీళ్లను వేరుచేసి, బోరు నీటిలోని లవణాలను ఆ వృథా నీటిలోకి నెడుతుంది. అంటే బోరు నీళ్ల కంటే అవి ఇంకా చిక్కటి ఉప్పునీళ్లు. నీళ్లు పారబోయడానికి మనసొప్పదు, ముఖ్యంగా నీటి కరువు చూసిన మన జిల్లాల్లో. ఆ నీళ్లతో బండలు కడగండి, వాకిలి చల్లండి. కుండీ మట్టికి వద్దు.

ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వాటిని పట్టి పోయండి. అన్నింటికంటే మేలైనవి వాన నీళ్లు. చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల మేడ మీద పది మిల్లీమీటర్ల జల్లు కురిస్తే వెయ్యి లీటర్లు. ఒక డ్రమ్ము నింపుకుని మూత పెట్టినా నాలుగైదు కుండీలకు చాలా రోజులు వస్తాయి.

భగీరథ నీళ్లు కృష్ణా నీళ్లను శుద్ధి చేసి ఇచ్చేవి కాబట్టి బోరు కంటే ఎంతో నయం. క్లోరిన్ వాసన వస్తే మూత లేని బకెట్‌లో రాత్రంతా ఉంచండి. ఫ్లోరైడ్ మాత్రం అలా నిలవ ఉంచినా, మరగబెట్టినా పోదు. నీటి లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు చవకగానే దొరుకుతుంది. అందులో 500 లోపు వస్తే నిశ్చింతగా పోయండి. 1000 దాటితే అరెకా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రోజుకు ఎన్ని నీళ్లు పోయాలి?

రోజును బట్టి కాకుండా మట్టిని బట్టి పోయాలి. వేలు రెండు అంగుళాల లోతుకు గుచ్చండి. పొడిగా తగిలితే అడుగు నుంచి కారేదాకా పోయండి, తడి తగిలితే వదిలేయండి. గ్లాసుడు గ్లాసుడు రోజూ పోస్తే పై మట్టి తడుస్తుంది, అడుగు వేళ్లు ఎండుతాయి, ఉప్పు కడుక్కుపోదు. మే నెలలో మేడ మీది కుండీకి రోజూ అవసరం రావచ్చు. చలికాలంలో వారానికి రెండుసార్లు చాలు. పొద్దున్నే పోయండి. మొవ్వులో, అంటే కొత్త ఆకు పుట్టే నడిమి చోట, నీళ్లు నిలిచేలా పైనుంచి గుమ్మరించకండి, మొవ్వు కుళ్లు అక్కడే మొదలవుతుంది.

చెరువు మట్టి బలమైనది కదా, కుండీలో అదే నింపవచ్చా?

చేనుకు బలమైనదే. మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్ల కొద్దీ తోలుకున్నది అందుకే. కుండీలో మాత్రం ఆ సన్నటి మట్టి నాలుగు తడులకే గట్టిపడి, ఎండితే పక్కలు విడిచి నెర్రెలిస్తుంది. పోసిన నీళ్లు ఆ నెర్రెల గుండా జారిపోతాయి, మధ్యలో వేరుముద్ద పొడిగానే ఉంటుంది. నల్లరేగడి సంగతీ అంతే.

పామ్ వేళ్లకు తేమ ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మన చల్క నేలల ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఇది చాలు. కొబ్బరి పొట్టును కడగమన్నది ఊరికే కాదు, అందులోనూ ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు నానబెట్టి పిండి వాడండి.

పచ్చి పేడ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. కొబ్బరినీ ఖర్జూరాన్నీ తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టే చోట్లలో మాగని పెంట ఒకటి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు బాయిలర్ బూడిద ఉచితంగా దొరుకుతుంది కదా అని కుండీల్లో నింపేవారున్నారు. అది క్షారం. మన నీళ్లు అసలే క్షారం వైపు ఉంటాయి, రెండూ కలిస్తే మొక్కకు ఇనుము అందదు.

ఆముదం పిండి వేయవచ్చా?

మొక్కకు మంచిదే, ఆముదం పండే మన జిల్లాల్లో తేలిగ్గానే దొరుకుతుంది. కానీ ఇంట్లో కుక్క ఉంటే వేయకండి. ఆముదం గింజలోని రైసిన్ అనే విషం పిండిలోనూ ఉండవచ్చు. ఆ వాసనకు కుక్కలు మట్టి తవ్వి మరీ తింటాయి, ప్రాణం పోయే ప్రమాదం ఉంది. దాని బదులు వేపపిండి వాడండి.

మట్టి కుండీనా, ప్లాస్టిక్‌దా? అడుగున కంకర పోయాలా?

మట్టి కుండీ పక్కల నుంచి తేమ ఆవిరై వేళ్లు చల్లగా ఉంటాయి. మన ఎండకు నా ఓటు దానికే. ప్లాస్టిక్ కుండీ అయితే లేతరంగుది తీసుకోండి. మే నెల మధ్యాహ్నం నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కను చేత్తో తాకి చూస్తే లోపల వేళ్ల పరిస్థితి మీకే తెలుస్తుంది.

కంకర అవసరం లేదు. కంకర పొర వల్ల నీళ్లు త్వరగా దిగవు సరికదా, సన్నటి మట్టి ముగిసి కంకర మొదలయ్యే చోట నీరు ఆగి, వేళ్ల దగ్గరే తడి నిలుస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్కో దోమల జాలీ ముక్కో పెట్టి, మిగతాదంతా మట్టితోనే నింపండి.

ఎండాకాలం ఎలా గట్టెక్కించాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 44, 45 డిగ్రీలు దాటే రోజుల్లో మేడ మీది స్లాబు రాత్రి కూడా చల్లారదు. ఆకుకు నీడ ఇస్తే సరిపోతుందనుకుంటాం కానీ, ముందు కాపాడవలసింది కుండీని.

కుండీని స్లాబు మీద నేరుగా పెట్టకుండా నాలుగు ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో ఎత్తండి. కుండీ బయటివైపు తెల్ల సున్నం పూయండి. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది. కుండీని మరో పెద్ద కుండీలో దించి, మధ్య ఖాళీలో తడి కొబ్బరి పీచు కూరండి. మట్టి మీద ఎండుటాకులో వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనీయకండి. కుండీలన్నీ ఒకచోట గుంపుగా పెడితే ఒకదాని నీడ ఇంకొకదానికి, ఒకదాని తేమ ఇంకొకదానికి అందుతాయి. మార్చి నుంచి తొలకరి దాకా సగం ఎండను ఆపే పచ్చ వల కట్టండి.

ఎండకు వాలిన మొక్కకు బలం కోసమని ఎరువు వేస్తారు చాలామంది. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఎరువూ వద్దు. వేడికి అలసిన వేళ్లకు అది అదనపు ఉప్పే అవుతుంది.

ఆకులు పసుపుగా మారుతున్నాయి. ఏ లోపం?

ఏ మట్ట పసుపైందో చూడకుండా మందు చెప్పడం కుదరదు.

అడుగు మట్టల మీద పసుపు, నారింజ రంగు చుక్కలు వచ్చి, కొసల నుంచి ఎండుతుంటే పొటాష్ తక్కువైంది. పామ్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆ మట్టలను వెంటనే కోసేయకండి. వాటిలో మిగిలిన పొటాష్‌ను పీల్చుకునే కొత్త మట్ట పెరుగుతోంది. మీరు కోసేస్తే మొక్క పై మట్ట నుంచి తీసుకుంటుంది, అప్పుడు పసుపు ఇంకో మెట్టు పైకి ఎక్కుతుంది. పొటాష్ ఇచ్చేటప్పుడు మ్యూరేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి, మ్యూరేట్‌లోని క్లోరైడ్ మనకు మళ్లీ ఉప్పు భారమే.

అడుగు మట్టల అంచులు వెడల్పుగా పసుపై, మధ్య ఈనె వెంబడి పచ్చగా ఉంటే మెగ్నీషియం లోపం. ఎప్సమ్ సాల్ట్ లీటరుకు ఒక చెంచా కలిపి నెలకోసారి పోయండి.

పైన కొత్తగా విచ్చుకునే లేత ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. బత్తాయి తోట ఉన్నవారికి దీని మందు చెప్పనక్కర్లేదు, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) పిచికారీ. కుండీ మొక్కకు లీటరు నీటికి రెండు మూడు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు చాలు. సాయంత్రం వేళ, మొదట ఒక మట్ట మీద చల్లి రెండు రోజులు చూసి, తర్వాత మిగతావాటి మీద చల్లండి. అయితే లేత ఆకు పాలిపోవడానికి తడి ఎక్కువై వేళ్లు కుళ్లడం కూడా కారణం కావచ్చు. వాసన చూడండి. మట్టి నుంచి మురుగు వాసన వస్తే ముందు దాన్ని ఆరనివ్వండి.

మామూలు రోజుల పోషణకు జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకు రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు చాలు. కొన్న ఎరువైతే నత్రజని, భాస్వరం, పొటాష్ 3:1:2 నిష్పత్తికి దగ్గరగా ఉన్నది చూడండి. అందరూ వాడే 19:19:19లో భాస్వరం పామ్‌కు అవసరమైన దానికంటే ఎక్కువ.

చాలా పొడవు పెరిగింది. పైన కత్తిరిస్తే కొమ్మలు వస్తాయా?

రావు, చనిపోతుంది. పామ్‌కు ప్రాణమంతా మొవ్వులోనే. ఆ కాండానికి ఎదిగే చోటు అదొక్కటే. అరెకా, రాపిస్ లాంటి గుబురు జాతుల్లో ఒక కాండం పోయినా పిలకలు మిగులుతాయి. ఒంటి కాండం ఉన్న ఫాక్స్‌టెయిల్ మొవ్వు కోస్తే మొక్క పోయినట్టే. పూర్తిగా ఎండిన మట్టనే తీయండి, అదీ లాగి పీకకుండా, కాండానికి రెండు అంగుళాలు వదిలి కోయండి. పచ్చి గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది.

ఆకుల అడుగున తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి. ఇదేమిటి?

రుగోస్ తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడులో మొదట కనిపించింది. తర్వాత కొబ్బరి తోటల వెంట, నర్సరీ మొక్కల వెంట పాకింది. ఆకు అడుగున మైనం లాంటి తెల్లటి పొడితో వలయాలుగా గుడ్లు పెడుతుంది. దాని తీపి విసర్జన కింది ఆకుల పైభాగం మీద పడి, అక్కడ నల్లటి బూజు పడుతుంది.

గట్టి మందుల జోలికి వెళ్లకండి. ఈ దోమ పిల్లలను తినే సన్నటి పరాన్నజీవి కందిరీగలు మన దగ్గరే ఉన్నాయి, మందు కొడితే ముందు చచ్చేవి అవే. పైపుతో ఆకు అడుగున నీళ్లు బలంగా కొట్టండి. వారం పదిరోజులకోసారి లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి అడుగు వైపు తడిసేలా చల్లండి. నల్లటి మసికి పల్చటి గంజి చల్లితే ఎండాక పొరలా లేచి రాలిపోతుంది. కొత్త మొక్క కొనేటప్పుడు నర్సరీలోనే మట్ట తిప్పి అడుగు చూడండి, ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా ఉంచండి.

ఎండాకాలంలో ఆకులు దుమ్ము పట్టినట్టు బూడిదరంగుకు మారి, అడుగున సన్నటి గూళ్లు కనిపిస్తే అది ఎర్ర నల్లి. దానికీ నీళ్ల దెబ్బే మొదటి మందు.

తాటి, ఈత కుండీలో పెంచవచ్చా?

ఈత పెంచవచ్చు. పెద్ద కుండీ, నిండా ఎండ ఇస్తే కొన్నేళ్లు గంభీరంగా ఉంటుంది. మన నేల చెట్టు కాబట్టి బోరు నీళ్లకూ అంతగా బెదరదు. ఇంటి ముందు విదేశీ పామ్ కంటే చిన్న ఈత మొక్క నాకు ఎక్కువ ఇష్టం.

తాటి మాత్రం కుదరదు. తాటి టెంక పాతితే మొలక పైకి రాకుండా ముందు కిందికి దిగుతుంది. మనం ఉడకబెట్టుకుని, కాల్చుకుని తినే గేగులు అవే. నేల లోతుల్లో పట్టు దొరికాక, నెలల తర్వాత గానీ మొదటి ఆకు బయటపడదు. కుండీ అడుగు తగలగానే ఆ వేరు వంకర తిరిగి మొక్క గిడసబారుతుంది. చేను గట్టు ఉంటే వానాకాలంలో టెంక అక్కడే పాతండి. గీతకు రావడానికి పన్నెండేళ్లకు పైనే పడుతుంది.

సైకస్ కూడా పామేనా?

కాదు, చూడటానికి అలా ఉంటుంది. దాని గింజలు, ఆకులు కుక్కలకు, పిల్లలకు విషం.

పామ్ పెడితే గదిలో గాలి శుభ్రమవుతుందంటారు, నిజమేనా?

1989లో నాసా చేసిన ప్రయోగం చిన్న, మూసిన పెట్టెల్లో చేసినది. కిటికీలు, తలుపులు ఉన్న ఇంట్లో రెండు కుండీలతో చెప్పుకోదగ్గ తేడా రాదు. మొక్కను దాని అందం కోసం పెంచండి.

కుండీ ఎప్పుడు మార్చాలి?

అడుగు రంధ్రం నుంచి వేళ్లు బయటికొచ్చినప్పుడు, పోసిన నీళ్లు ఆగకుండా జారిపోతున్నప్పుడు. మామూలుగా రెండు మూడేళ్లకోసారి. మృగశిర దాటి రెండు వానలు పడ్డాక చేయండి. పాత కుండీ కంటే రెండు అంగుళాలు పెద్దది చాలు. వేరుముద్దను విప్పకండి, వేళ్లు కత్తిరించకండి. పాత కుండీలో కాండం ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉంచండి. నిలబడదేమోనని కాండాన్ని పూడిస్తే అది కుళ్లుతుంది, ఊగితే కర్ర కట్టండి. ఆ తర్వాత రెండు వారాలు నీడలో ఉంచండి.

దసరాకో సంక్రాంతికో పది రోజులు ఊరెళితే కుండీలను ఎలా వదలాలి?

ఆ నెలల్లో పెద్ద ఇబ్బంది లేదు. బయలుదేరే ముందు రోజు అడుగు నుంచి కారేదాకా పోసి, కుండీలన్నింటినీ ఉత్తరం వైపు నీడలోకి గుంపుగా చేర్చండి. మట్టి మీద తడి గోనెసంచి పరవండి. మూతకు సన్నటి రంధ్రం చేసిన రెండు లీటర్ల సీసాను నీళ్లతో నింపి, తలకిందులుగా మట్టిలో గుచ్చవచ్చు, కానీ ముందు ఒక రోజు ఇంట్లో ఉండగానే గుచ్చి ఎంత సేపటికి ఖాళీ అవుతుందో చూసుకోండి. పళ్లెం నిండా నీళ్లు నిలిపి మాత్రం వెళ్లకండి. పక్కింటివారికి అప్పగిస్తే ఏ నల్లా నీళ్లు పోయాలో చూపించి, బోరు పైపు మూసేసి వెళ్లండి.